హిందూపురం పటం మీద న్యూట్రాన్ తార

(హిందూపురంలో చేసిన స్మారకోపన్యాసం, అచ్చు పాఠం)



ఇది మా మాస్టారి పేరు మీద జరిగే స్మారక సభ కాబట్టి ముందు ఆయన పద్ధతి గురించి ఒక మాట. తరగతిలో ఎవరైనా లేచి సూర్యుడి బరువు ఇంత, ఫలానా నక్షత్రం దూరం ఇంత అని అప్పజెబితే ఆయన మెచ్చుకునేవారు కాదు. "ఎట్లా తూకం వేసినారు నాయనా?" అని అడిగేవారు. కాటా ఏదో, రాళ్లు ఏవో చెప్పగలిగితేనే మార్కు. ఈ రోజు నేను ఎంచుకున్న విషయానికి ఆ ప్రశ్న మరీ అవసరం. కొన్ని న్యూట్రాన్ తారల నుంచి వచ్చే ఎక్స్‌రే వెలుగు సెకనుకు వెయ్యి సార్ల చొప్పున హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. గురుత్వాకర్షణ అత్యంత బలంగా ఉన్న చోట ఐన్‌స్టీన్ చెప్పింది నిజమా కాదా అన్నది ఆ మినుకుల లెక్కతో తేల్చవచ్చని ముప్ఫై ఏళ్ల కిందట అందరూ ఆశపడ్డారు. ఆశ ఎంతవరకు తీరిందన్నదే నేను చెప్పదలచుకున్నది. లెక్క పెట్టడం అద్భుతంగా కుదిరింది. ఆ లెక్కకు అర్థం ఇదీ అని తేల్చడం మాత్రం ఇంకా కుదరలేదు.

ఇది ఎక్కడో అమెరికాలో, యూరప్‌లో జరిగే వ్యవహారం, హిందూపురానికి ఏం సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. ఇక్కడ బెంగుళూరు వైపు రైలెక్కితే రాష్ట్రం సరిహద్దు దాటాక గౌరీబిదనూరు వస్తుంది. పాతిక కిలోమీటర్ల దూరం. ఆ ఊరి బయట భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి 1970లలో కట్టిన రేడియో టెలిస్కోపు ఉంది. అద్దం లేదు, గోపురం లేదు. పొలాల మధ్య టీ ఆకారంలో వెయ్యి డైపోల్ యాంటెనాలు. తూర్పు పడమరలుగా సాగిన చెయ్యి 1.4 కిలోమీటర్లు, దక్షిణంగా సాగినది దాదాపు అర కిలోమీటరు. సి.హెచ్.వి. శాస్త్రి గారి ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న ఆ కేంద్రం 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని వినేది. సూర్యుడినీ, పాలపుంతనీ, వాటితోపాటు పల్సార్లనీ విన్నది. పల్సార్ అంటే తిరిగే న్యూట్రాన్ తారే. అదే ఊళ్లో భాభా అణు పరిశోధన కేంద్రం వారి భూకంప తరంగాల కేంద్రం కూడా ఉంది. ఒకటి భూమి లోపలి అలజడిని, రెండోది ఆకాశంలో అలజడిని పట్టేది. ఇన్ని ఉన్న ఊరిని మనవాళ్లు రైలు కిటికీలోంచి చూసి దాటిపోతుంటారు.

రేడియో తరంగాలు నేల దాకా వస్తాయి. ఎక్స్‌రేలు రావు, గాలి మింగేస్తుంది. ఈ శాస్త్రం వయసు తక్కువ కావడానికి అదే కారణం. 1962 జూన్‌లో రికార్డో గియకోనీ బృందం అమెరికాలో ఒక రాకెట్ ఎగరేసింది. చంద్రుడి మీంచి ఎక్స్‌రేలు వస్తాయేమో చూద్దామన్నది వారి ఉద్దేశం. ఉపకరణం గాలి పొరల పైన ఉన్నది అయిదారు నిమిషాలే. ఆ కాసేపట్లో చంద్రుడికి బదులు వృశ్చిక రాశిలో, అనూరాధకు కాస్త ఉత్తరంగా, విపరీతమైన ఎక్స్‌రే వెలుగు దొరికింది. స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు పెట్టారు. సౌరకుటుంబం బయట దొరికిన మొదటి ఎక్స్‌రే తార అదే. గియకోనీకి 2002లో నోబెల్ వచ్చింది.

మన దగ్గర ఆలస్యం కాలేదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు 1968లోనే హైదరాబాదు నుంచి బెలూన్‌లో ఎక్స్‌రే ఉపకరణం పంపి ఇదే స్కార్పియస్ ఎక్స్-1ని చూశారు. హైదరాబాదును ఎంచుకోవడానికి భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండటం ఒక కారణం. విశ్వకిరణాల గోల అక్కడ తక్కువ. ఇప్పటికీ బెలూన్లు ఎగరేసే ముందు పత్రికల్లో ప్రకటన వస్తుంది. పారాచూట్‌తో దిగిన పెట్టె మీ పొలంలో పడితే విప్పకండి, ఫలానా చోటికి కబురు చేయండి, బహుమతి ఇస్తామని. కొండంత శాస్త్రం ఒక రైతు నిజాయితీ మీద ఆధారపడి ఉంటుంది.

1975 ఏప్రిల్ 19న పైకి వెళ్లిన ఆర్యభట ఉపగ్రహంలో కూడా ఒక ఎక్స్‌రే ప్రయోగం ఉంది. దాని సారథి యు.ఆర్. రావు స్వయంగా విశ్వకిరణాల, ఎక్స్‌రేల మనిషి. విద్యుత్ సరఫరాలో లోపం వచ్చి నాలుగైదు రోజులకే ప్రయోగాలు ఆపేయాల్సి వచ్చింది. మన మొదటి ఉపగ్రహం అనగానే రెండు రూపాయల నోటు మీది బొమ్మ గుర్తొస్తుంది గానీ, లోపల ఖగోళశాస్త్రం ఉందని చాలామందికి తెలియదు.

ఇక న్యూట్రాన్ తార దగ్గరికి వద్దాం. పెద్ద నక్షత్రం ఇంధనం అయిపోయి కూలినప్పుడు నడిమి భాగం ఎంతవరకు కుంగుతుంది? సూర్యుడికి 1.4 రెట్లు దాటిన బరువును ఎలక్ట్రాన్ల ఒత్తిడి నిలబెట్టలేదని 1930లో, ఇంగ్లండుకు ఓడలో పోతూ, పంతొమ్మిదేళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్క మొదలుపెట్టాడు. ఆ గీత దాటితే పరమాణువులు చితికి దాదాపు అంతా న్యూట్రాన్లే మిగులుతాయి. సూర్యుడికి మించిన పదార్థం సుమారు పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్థంలో ఇరుక్కుంటుంది.

పన్నెండు కిలోమీటర్లంటే ఎంతో మీకు చూపించడానికి మన పటమే చాలు. హిందూపురం రైల్వే స్టేషన్ దగ్గర వృత్తలేఖిని మొన గుచ్చి పన్నెండు కిలోమీటర్లతో వృత్తం గీయండి. తార అంతా అందులో పడుతుంది. లేపాక్షి నంది ఆ గీతకు కాస్త బయటే ఉంటుంది. ఆ నంది పక్కన నిలబడ్డ వాడి బరువు ఎంత, గడియారం ఎలా నడుస్తుంది అని అడగండి. తార ఉపరితలం మీద ఆకర్షణ భూమి మీదకంటే పదివేల కోట్ల రెట్లకు పైన. అక్కడి గడియారంలో నలభై ఎనిమిదిన్నర నిమిషాలు గడిచేసరికి దూరంగా ఉన్న మన గడియారంలో గంట అయిపోతుంది. అక్కడి నుంచి బయటపడాలంటే వెలుతురు వేగంలో దాదాపు అరవై శాతం వేగం కావాలి.

ఈ తార పక్కన జంట నక్షత్రం ఉంటే దాని వాయువు ఇటు లాక్కోబడుతుంది. నేరుగా పడదు, పళ్లెంలా చుట్టూ తిరుగుతూ మెల్లగా లోపలికి జారుతుంది. పటం మీద చూడండి. మన నుంచి ధర్మవరం తిన్నగా గీత గీస్తే డెబ్బై కిలోమీటర్లుంటుంది. ఆ దూరంలో వాయువు హిందూపురం చుట్టూ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. పెనుకొండ ముప్ఫై కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి సెకనుకు 400 దాటుతుంది. లేపాక్షి దాటీ దాటకముందు, పదిహేను కిలోమీటర్ల దగ్గర, సెకనుకు 1200. ఆ ఒక్క చుట్టు పొడవు తొంభై నాలుగు కిలోమీటర్లు, అంటే ఇక్కడి నుంచి ధర్మవరం దాకా రైలు దారికంటే ఎక్కువ. వేగం వెలుతురు వేగంలో మూడో వంతుకు పైమాటే. ఈ అంకెలన్నీ 1.4 సూర్యుల బరువుకు వేసినవి, ఇంటర్మీడియట్ వాళ్లు కెప్లర్ సూత్రంతో ఇంటి దగ్గర సరిచూసుకోవచ్చు. చివరికి ఆ వాయువు తార మీద పడితే దాని ద్రవ్యశక్తిలో ఐదో వంతుకు దగ్గరగా వేడిగా, వెలుగుగా మారుతుంది. హైడ్రోజన్ బాంబులో జరిగే సంలీనం ఇచ్చేది ఒక శాతం కూడా కాదు. అంత వేడి కాబట్టే వచ్చే వెలుగు ఎక్స్‌రేలు.

ఇప్పుడు అసలు చిక్కు. న్యూటన్ లెక్కలో ఎంత దగ్గరగానైనా గుండ్రంగా తిరగవచ్చు, తగినంత వేగం ఉంటే చాలు. ఐన్‌స్టీన్ లెక్కలో అలా కాదు. ఒక హద్దు ఉంది. ఆ హద్దు లోపల స్థిరమైన చుట్టు అనేదే లేదు, కాస్త చెదిరినా లోపలికి జారిపోవలసిందే. సూర్యుడంత బరువుకు ఆ హద్దు తొమ్మిది కిలోమీటర్లకు కాస్త తక్కువ. సూర్యుడి వ్యాసార్థం ఏడు లక్షల కిలోమీటర్లు కాబట్టి ఆ హద్దు అక్కడ అక్కరకు రాదు. భూమికి అయితే అది మూడు సెంటీమీటర్లు కూడా కాదు. 1.4 సూర్యుల న్యూట్రాన్ తారకు మాత్రం 12.4 కిలోమీటర్లు, తార చర్మానికి సరిగ్గా బయట. రెండు సూర్యుల బరువుంటే దాదాపు పద్దెనిమిది. అంటే ఈ హద్దు బయటపడి కనిపించే చోట్లు విశ్వంలో రెండే. ఒకటి కృష్ణబిలం, రెండోది ఇది. సౌరకుటుంబంలో ఐన్‌స్టీన్ పరీక్షలన్నీ బలహీనమైన ఆకర్షణ దగ్గర జరిగినవే. బుధుడి కక్ష్య వందేళ్లకు 43 ఆర్క్ సెకన్లు అదనంగా జరుగుతుంది, అంతే. ఆకర్షణ బలానికి కొలతగా బరువును వ్యాసార్థంతో భాగిస్తే వచ్చే అంకె తీసుకుంటే న్యూట్రాన్ తార ఉపరితలం దగ్గర అది భూమి మీదకంటే ఇరవై కోట్ల రెట్లకు పైన.

కాబట్టి లేపాక్షి దగ్గర తిరిగే వాయువు సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టగలిగితే? ఆ హద్దు కనిపిస్తుంది. తార బరువు తెలుస్తుంది. దాని పరిమాణానికి పైహద్దు తెలుస్తుంది.

1995 డిసెంబర్ 30న అమెరికా వాళ్లు రాసీ ఎక్స్‌రే టైమింగ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉపగ్రహాన్ని పంపారు. రెండు నెలలు తిరక్కుండానే స్కార్పియస్ ఎక్స్-1 లోనూ, 4యు 1728-34 అనే మరో జంటలోనూ వెయ్యి హెర్ట్జ్ దరిదాపుల్లో డోలనాలు దొరికాయి. ఒకటి కాదు, జంటగా రెండు. పదేళ్ల ముందు వరకు యూరప్ ఉపగ్రహం ఎక్సోశాట్ చూపించినవి ఇరవై ముప్ఫై హెర్ట్జ్ డోలనాలే. ఈ కొత్తవి అంతకంటే ముప్ఫై నలభై రెట్లు వేగం. గడియారంలా ఖచ్చితం కాదు, కొంచెం అటూ ఇటూ ఊగుతుంటాయి. అందుకే వాటిని క్వాసీ పీరియాడిక్ ఆసిలేషన్లు అన్నారు, పొట్టిగా క్యూపీఓలు.

మాస్టారి ప్రశ్న ఇక్కడ అడగాలి. ఎట్లా లెక్కపెట్టినారు?

మన ఉదాహరణే తీసుకుందాం. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ30 రాకెట్ మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహాన్ని 650 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది. బరువు 1513 కిలోలు. అందులో టాటా ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన లాక్స్‌పీసీ అనే ఎక్స్‌రే లెక్కింపు పెట్టెలు మూడు. ఒక్కో పెట్టెలో పదిహేను సెంటీమీటర్ల లోతున, రెండు వాతావరణాల పీడనంతో జెనాన్ వాయువు, కొంచెం మీథేన్. మధ్యలో హెచ్చు వోల్టేజి తీగల వరసలు. ఎక్స్‌రే ఫోటాన్ ఒకటి లోపలికి వచ్చి జెనాన్ పరమాణువును తాకితే ఎలక్ట్రాన్లు ఊడి తీగకు చేరతాయి, ఒక చిన్న విద్యుత్ తట్టు. ఆ తట్టు ఎప్పుడు వచ్చిందో సెకనులో లక్షో వంతు దాకా రాసిపెడుతుంది. ఈ ఉపకరణం చేసే పని అంతే. బొమ్మ తీయదు. చివరికి మన చేతికి వచ్చేది ఒక పొడవాటి పట్టిక, వరసకు ఒక ఫోటాన్, దాని ఎదురుగా సమయం, శక్తి.

2016 మార్చి 8న ఆస్ట్రోశాట్ 4యు 1728-34 వైపు చూసింది. ఆకాశంలో అది మూలా నక్షత్రానికి రెండు వేళ్ల వెడల్పంత ఉత్తరంగా ఉంటుంది. దూరం సుమారు పదిహేను వేల కాంతి సంవత్సరాలు. కంటికి కనబడదు, మూల మాత్రం కనబడుతుంది. వానాకాలం సాయంత్రాల్లో మబ్బు లేనప్పుడు దక్షిణాన చూడండి. ఆ పరిశీలనలో మూడు వేల సెకన్లకు కొంచెం మించిన ఒక ముక్క తీసుకుని విశ్లేషించారు.

సెకనుకు రెండున్నర వేల ఫోటాన్లు అందాయనుకుందాం. డోలనం సెకనుకు 830 సార్లు. అంటే ఒక్కో హెచ్చుతగ్గుకు మనకు దక్కేది మూడు ఫోటాన్లు. మూడు చుక్కలతో అల ఎవరికి కనిపిస్తుంది? ఏ ఒక్క అలనూ ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే పుస్తకాల్లో గీసే బొమ్మలు చూసి అల కళ్లకు కనిపించిందనుకుంటారు. చేసేది ఇది: పట్టికను చిన్న చిన్న ముక్కలు చేస్తారు, ప్రతి ముక్కనూ ఫూరియే పద్ధతిలో ఏ వేగం ఎంత పాలుందో విడదీస్తారు, వేల ముక్కల ఫలితాలు కలిపి సగటు తీస్తారు. ఫోటాన్ల రాకలో సహజంగా ఉండే చెల్లాచెదురు అన్ని వేగాల దగ్గరా సమానంగా పరుచుకుంటుంది. నిజమైన డోలనం ఉంటే ఒకచోట మాత్రం గుట్టలా లేస్తుంది. ఆ గుట్టే క్యూపీఓ.

ఆ రోజు ముక్కను కాలక్రమంలో పేర్చి గీసిన పటం నాకు బాగా ఇష్టం. మొదట్లో గుట్ట సుమారు 815 హెర్ట్జ్ దగ్గర ఉంది. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా పైకి పాకి 850 దగ్గరికి చేరింది. వాయువు కొంచెం కొంచెం లోపలికి జరుగుతున్నదనుకుంటే ఇది సరిపోతుంది. అప్పుడు ఒక్కసారిగా మొత్తం వెలుగు పెరిగింది. ఉపరితలం మీద పేరుకున్న వాయువు కేంద్రక సంలీనంతో భగ్గుమన్నది. సుమారు ఇరవై సెకన్లు మండింది. మంట మొదటి నాలుగు సెకన్లలో మరో డోలనం కనబడింది, 361.5 నుంచి 363.5 హెర్ట్జ్ దాకా పెరుగుతూ. ఇది పళ్లెంలా తిరిగే వాయువుది కాదు, తారదే. అంటుకున్న చోటు తారతోపాటు తిరుగుతూ మనకు ఎదురుపడి మరుగయ్యే లెక్క. అమెరికా ఉపగ్రహం 1996లో ఇదే తారకు చెప్పిన అంకె కూడా 363. హిందూపురం సెకనుకు 363 సార్లు గిరగిరా తిరుగుతున్నదని ఊహించుకోండి. ఇరవై ఏళ్ల తేడాతో రెండు దేశాల పెట్టెలు ఒకే మాట చెప్పాయి. దీన్నే నేను తూకం అంటాను.

ఇంకో సంగతి విద్యార్థులు బాగా పట్టుకోవాలి. ఈ పనిలో పెట్టె వెడల్పు ఎందుకంత ముఖ్యం? మామూలు లెక్కలో ఫోటాన్లు రెట్టింపు కావాలంటే పెట్టె రెట్టింపు చేసినా సరే, సమయం రెట్టింపు చేసినా సరే. క్యూపీఓలకు ఆ న్యాయం చెల్లదు. పెట్టె రెట్టింపు చేస్తే దక్కే స్పష్టతే సమయంతో దక్కాలంటే నాలుగు రెట్లు చూడాలి. 1996 మార్చి 21న మనం ఐఆర్ఎస్-పీ3 మీద పంపిన ఎక్స్‌రే పెట్టెలు మూడూ కలిపి 1200 చదరపు సెంటీమీటర్లు. అదే సంవత్సరం వెయ్యి హెర్ట్జ్ డోలనాలు కనిపెట్టిన అమెరికా వాళ్ల పెట్టెలు దాదాపు 6500. వాళ్లు గంటలో చూసింది మనకు కనిపించాలంటే ముప్ఫై గంటలు కావాలి, ఆ లోపు గుట్ట ఎక్కడికో జరిగిపోతుంది. మనవాళ్లు తమ చిన్న పెట్టెలతో చిన్న పనేం చేయలేదు. జీఆర్ఎస్ 1915+105 అనే కృష్ణబిలం దగ్గర క్రమం తప్పకుండా వచ్చే ఎక్స్‌రే ఉప్పొంగులను పట్టుకున్నారు. కానీ వేగం ఆటలో వెడల్పు లేకపోతే లాభం లేదని తెలిసింది. ఆస్ట్రోశాట్ మూడు పెట్టెలను కలిపి అంత పెద్దగా చేయడం వెనక ఉన్నది ఈ లెక్కే. 2012 జనవరిలో అమెరికా ఉపగ్రహం ఆగిపోయాక ఈ కోవలో మిగిలిన పెద్ద పెట్టె మనదే అయింది.

ఇక అర్థం సంగతి. జంట డోలనాల్లో వేగమైనది లోపలి అంచున తిరిగే వాయువుదే అన్నది చాలామంది ఒప్పుకునే మాట. రెండోది ఏమిటి? 1990ల చివర మిల్లర్, లాంబ్, సాల్టిస్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన కథ అందంగా ఉండేది. వాయువు చుట్లలోంచి తార చుట్లు తీసేస్తే వచ్చేదే రెండోది అన్నారు. అలాగైతే రెండింటి తేడా ఎప్పుడూ తార వేగానికి సమానంగా, మారకుండా ఉండాలి. స్కార్పియస్ ఎక్స్-1లో ఆ తేడా 310 నుంచి 230 దాకా తగ్గుతూ కనిపించింది. కథకు అక్కడ పగులు వచ్చింది, మెరుగులు దిద్దారు. తర్వాత 2003లో శాక్స్ జే1808 అనే తార మొత్తం తారుమారు చేసింది. దాని వేగం 401 అని అనుమానానికి తావులేకుండా తెలుసు. డోలనాల తేడా 195 దగ్గర తేలింది. సగం! ఎందుకు సగం అన్నదానికి రకరకాల వివరణలు వచ్చాయి, ఏదీ అందరినీ ఒప్పించలేదు.

స్టెల్లా, వియెత్రి అనే ఇటలీ వాళ్లు మరో దారి చూపారు. బుధుడి కక్ష్య జరగడమే ఇక్కడా జరుగుతున్నది, రెండో డోలనం ఆ జరుగుడే అన్నారు. సౌరకుటుంబంలో వందేళ్లకు 43 ఆర్క్ సెకన్లు జరిగే వ్యవహారం ఇక్కడ సెకనుకు వందల పూర్తి చుట్లు! నిజమైతే ఐన్‌స్టీన్ లెక్క నేరుగా కళ్లముందు ఉన్నట్టే. తేడా తగ్గే తీరు కూడా ఈ లెక్క స్థూలంగా చెబుతుంది. అయితే వివరాల్లోకి పోతే తార బరువు అనుమానించేంత ఎక్కువ రావడం దాని లోపం. అబ్రమోవిచ్, క్లూజ్నియాక్ అనే మరో ఇద్దరు ఈ జంట డోలనాలకు కారణం అనునాదం అన్నారు. పోటీ ఇంకా సాగుతూనే ఉంది.

మరి ఆ హద్దు? 1998లో 4యు 1820-30 అనే తారలో వెలుగు పెరుగుతున్నా డోలనం 1060 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయిందని ఒక బృందం ప్రకటించింది. హద్దు చేరింది, ఇక లోపలికి చుట్టు లేదు కాబట్టే ఆగింది అన్నారు. అలాగైతే తార బరువు రెండు సూర్యులకు పైన. సంబరపడ్డారు, పడదగిన విషయమే. కానీ ఎక్స్‌రే వెలుగు పెరిగితే వాయువు రాక అదే నిష్పత్తిలో పెరిగినట్టే అని నమ్మడానికి లేదని తర్వాత తెలిసింది. ఒకే వెలుగు దగ్గర ఒకే తార వేరువేరు రోజుల్లో వేరువేరు వేగాలు చూపిస్తుంది. 2005-06 ప్రాంతంలో బారే బృందం మరో రుజువు తెచ్చింది. గుట్ట సన్నదనం ఒక వేగం దాటాక హఠాత్తుగా చెదిరిపోతున్నదని, అదే హద్దు గుర్తనీ. మెందెజ్ అనే శాస్త్రవేత్త ఒప్పుకోలేదు. ప్రకాశం ఎక్కువ తక్కువలున్న తారలన్నిటినీ కలిపి చూస్తే ఆ చెదరడానికి వేరే కారణం ఉండవచ్చన్నాడు. నా తీర్పు అడిగితే మెందెజ్ వైపే మొగ్గుతాను. హద్దు లేదని కాదు, ఈ సాక్ష్యంతో దాన్ని చూశామనడం తొందరపాటు అని.

అలా అని ముప్ఫై ఏళ్ల శ్రమ వృథా అనకండి. ఏ కథ నిజమైనా సరే, లోపలి అంచున తిరిగే చుట్టు తార చర్మానికి బయటే ఉండాలి, ఆ హద్దుకూ బయటే ఉండాలి. 1200 హెర్ట్జ్ డోలనం నిజంగా చుట్టుదే అయితే తార వ్యాసార్థం సుమారు పదహారు కిలోమీటర్లు దాటడానికి వీల్లేదు, బరువు సుమారు 1.8 సూర్యులు దాటడానికి వీల్లేదు. తార స్వయంగా తిరుగుతుంది కాబట్టి అంకె కొంచెం పెరుగుతుంది. ఈ హద్దును 2019, 2021లలో వేరే దారిలో సరిచూశారు. అంతరిక్ష కేంద్రం మీద 2017లో పెట్టిన నైసర్ అనే పెట్టె, పల్సార్ల మీది వేడి మచ్చలు తిరిగే తీరును బట్టి, వ్యాసార్థాలు పన్నెండు పదమూడు కిలోమీటర్ల దగ్గర తేల్చింది. మన పటంలో గీసిన వృత్తం ఊహాచిత్రం కాదన్నమాట.

ఆస్ట్రోశాట్ హిందూపురం నెత్తి మీదుగా ఎన్నడూ పోదు. దాని దారి భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల వాలులోనే ఉంటుంది. కానీ గంటన్నరకు కాస్త పైగా పట్టే ప్రతి చుట్టులోనూ మన దక్షిణ ఆకాశంలో, దిగంతం నుంచి మహా అయితే ముప్ఫై డిగ్రీల ఎత్తులో దాటుతుంది. పోగేసిన లెక్కలు బెంగుళూరు దగ్గర బ్యాలాలు కేంద్రంలో దింపుకుంటారు. అయిదేళ్లకని పంపిన ఉపగ్రహానికి 2025 సెప్టెంబరులో పదేళ్లు నిండాయి. మూడు లాక్స్‌పీసీ పెట్టెల్లో ఒకటి 2018లో ఆగిపోయింది, మరొకటి నమ్మకంగా నడవడం లేదు. 2024 జనవరి 1న మన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహం వెళ్లింది గానీ దాని ప్రధాన పని ఎక్స్‌రేల ధ్రువణం, మిల్లీసెకన్ల లెక్క కాదు. ఆస్ట్రోశాట్ తర్వాత ఇంత వెడల్పు పెట్టె ఎవరు పంపుతారన్నది మనం గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

ఆ లోపు చేయగలిగిన పని ఒకటుంది. ఆస్ట్రోశాట్ పరిశీలనల భాండాగారం 2018 నుంచి అందరికీ తెరిచి ఉంది. నేను చెప్పిన మార్చి 8 నాటి పట్టిక కూడా అందులో ఉంది. విశ్లేషణకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితం. కావలసింది ఒక మామూలు కంప్యూటర్, ఇంటర్నెట్, ఫూరియే మీద రెండు నెలల పట్టుదల. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిగ్రీ కళాశాలల యాజమాన్యాలకు నా మనవి: చివరి సంవత్సరం ప్రాజెక్టు పేరుతో పాత రికార్డులు నకలు చేయించడం మానేసి ఈ పట్టికలు పిల్లల చేతికివ్వండి. నిర్వాహకులకు ఇంకో మనవి: వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి బయటివాళ్లను వెతకవద్దు. 815 నుంచి 850కి పాకిన ఆ గుట్టను సొంతంగా గీసిన విద్యార్థినినో విద్యార్థినో ఈ వేదిక ఎక్కించండి.